టారో దినచర్య

టారో పేకను నేర్చుకునే వ్యక్తి తాను తీసిన ముక్కనూ, అందులో కంటికి కనిపించినదాన్నీ, మనసుకు తోచిన అర్థాన్నీ, ఆ తర్వాత నిజంగా జరిగినదాన్నీ తేదీ వేసి రాసుకునే సొంత పుస్తకాన్ని టారో దినచర్య అంటారు. వాడుకలో టారో డైరీ, టారో జర్నల్ అన్న పేర్లే ఎక్కువగా వినబడతాయి. దీని ప్రయోజనాలు రెండు. 78 ముక్కల అర్థాలను బట్టీ పట్టకుండా ఒక్కొక్క ముక్కతో నెమ్మదిగా పరిచయం పెంచుకోవడం మొదటిది. ఒకనాడు ముక్కను చూసి చెప్పిన మాట ఎంతవరకు నిలిచిందో మరొకనాడు సరిచూసుకోవడం రెండోది. మొదటి ప్రయోజనాన్ని అభ్యాస పుస్తకాలు విస్తారంగా వివరిస్తాయి. దినచర్య అసలు బలం మాత్రం రెండోదాంట్లో ఉంది. టారో సాధనలో మన జ్ఞాపకాన్ని ఎదిరించి నిలబడగలిగేది ముందుగా రాసి తేదీ వేసిన వాక్యం ఒక్కటే.

పేరు, పదాలు, పేక

టారో అన్నది ఫ్రెంచి రూపం. చివరి హల్లు పలకదు కనుక తెలుగులో టారో అని రాయడం స్థిరపడింది. టారట్ అన్న రూపమూ అక్కడక్కడా కనబడుతుంది. ఇటలీలో ఈ పేకకు తొలి పేరు త్రియోన్ఫి. తరోక్కి అన్న పేరు 1505 నాటి ఫెరారా ఆస్థాన పద్దుల్లో కనిపిస్తుంది. ఈ వ్యాసంలో విడి కార్డును ముక్క అనీ, మొత్తం కట్టను పేక అనీ, ముక్కలను ఒక పద్ధతిలో పరచడాన్ని పేర్పు అనీ వ్యవహరించాం. అభ్యాసకులు పేర్పును స్ప్రెడ్ అనీ, అర్థం చెప్పడాన్ని రీడింగ్ అనీ అంటారు. ప్రశ్న అడిగే వ్యక్తికి మన ప్రశ్న జ్యోతిషంలో పృచ్ఛకుడు అన్న మాట ఉంది. అది ఇక్కడా సరిపోతుంది.

పేకలో 78 ముక్కలుంటాయి. వాటిలో 22 మేజర్ ఆర్కానా. ఆట భాషలో చెబితే ఇవి తురుఫు ముక్కలు: ఫూల్, మెజీషియన్, హెర్మిట్, డెత్, టవర్, సన్, వరల్డ్ వంటివి. మిగిలిన 56 మైనర్ ఆర్కానా. కప్పులు, కత్తులు, దండాలు, నాణేలు అనే నాలుగు రంగులు. రంగుకు ఆసు నుంచి పది దాకా పది ముక్కలు, ఆపైన పేజ్, నైట్, రాణి, రాజు. మనవాళ్లు ఆడే 52 ముక్కల పేకలో రంగుకు ముగ్గురు బొమ్మవాళ్లుంటే టారోలో నలుగురు. రెండు పేకల చుట్టరికం మాటల్లో కూడా తెలుస్తుంది. ఇస్పేటు అన్న పేరు వెనక ఉన్నది కత్తి అని అర్థమిచ్చే దక్షిణ ఐరోపా మాట.

చరిత్ర: ఆటగా ఉన్న కాలం

1440 సెప్టెంబరు 16న జుస్తో జుస్తి అనే నోటరీ తన డైరీలో ఒక పద్దు రాశాడు. ఫ్లోరెన్స్‌లో చేయించిన త్రియోన్ఫి పేకను నాలుగున్నర డకాట్లు పెట్టి కొని, రిమినీ ప్రభువు సిగిస్మొందో మలతెస్తాకు కానుకగా ఇచ్చానన్నది దాని సారాంశం. ఇప్పటికి తెలిసినంతలో ఈ జాతి పేకను ప్రస్తావించిన తొలి రాత ఇదే. అంటే టారో చరిత్ర ఒక డైరీలోనే మొదలవుతుంది. ముక్కలకు అర్థాలు చెప్పడం అందులో లేదు. అది కానుకల లెక్క. అయినా ఇలాంటి తేదీ, పేరు, ధర ఉన్న రాతల వల్లనే పేక పుట్టుకను 15వ శతాబ్ది ఉత్తర ఇటలీలో నిలబెట్టగలిగారు.

మిలాన్ పాలకులైన విస్కొంతి, స్ఫోర్జా కుటుంబాల కోసం చేత్తో చిత్రించి బంగారు రేకు అద్దిన పేకలు ఆ శతాబ్ది మధ్యకాలానివి. వాటిలో ప్రసిద్ధమైన ఒక పేక ముక్కలు నేడు న్యూయార్క్‌లోని మోర్గన్ గ్రంథాలయంలోనూ, బెర్గామోలోని కరారా అకాడమీలోనూ ఉన్నాయి. ఆ తర్వాత మూడు శతాబ్దాలకు పైగా టారో ప్రధానంగా ఒక ఆట. తురుఫు వేసి పట్టు గెలిచే ఆ ఆటను ఫ్రాన్స్, ఇటలీ, ఆస్ట్రియాలలో ఇప్పటికీ ఆడుతున్నారు. ఆడేవారికి ముక్క అర్థం రాసుకోవాల్సిన అవసరం లేదు. దినచర్య అవసరం ముక్కకు అర్థం అంటగట్టిన తర్వాతే పుట్టింది.

చరిత్ర: అర్థాలు చేరిన కాలం

1781లో ఆంత్వాన్ కూర్ ద జెబెలాఁ అనే ఫ్రెంచి పండితుడు టారో బొమ్మలు ప్రాచీన ఈజిప్టు పూజారుల జ్ఞానాన్ని దాచిన పుస్తకమని రాశాడు. అప్పటికి ఈజిప్టు చిత్రలిపిని చదవగలవారు ఎవరూ లేరు. షాంపోలియన్ దాన్ని ఛేదించినది 1822లో. ఆ వాదనకు ఆధారం దొరకలేదు, ప్రచారం మాత్రం ఆగలేదు. ఎత్తేయా అన్న పేరుతో ప్రసిద్ధుడైన ఝాఁ బాప్తిస్త్ అలియెత్ 1785లో టారోతో భవిష్యత్తు చెప్పే పద్ధతిని పుస్తకంగా వేశాడు. కొన్నేళ్లకే జోస్యం కోసమే రూపొందించిన పేకనూ తెచ్చాడు. దాని ముక్కల మీదే నిటారు అర్థం, తలకిందుల అర్థం అచ్చయి ఉంటాయి. అర్థం ముక్క మీదే ఉన్నప్పుడు అభ్యాసకుడు సొంతంగా రాసుకునేదానికి చోటు మిగలదు. ఈ కారణంగా ఎత్తేయా పేక దినచర్య సంప్రదాయానికి మూలం కాలేకపోయిందని చెప్పవచ్చు.

1850ల్లో ఎలిఫాస్ లెవి 22 తురుఫులను 22 హీబ్రూ అక్షరాలతో జతచేశాడు. ఆ దారిలోనే 1888లో లండన్‌లో హెర్మెటిక్ ఆర్డర్ ఆఫ్ ది గోల్డెన్ డాన్ అనే రహస్య సంఘం ఏర్పడింది. చేతిరాతకు టారోలో ప్రాధాన్యం వచ్చింది ఇక్కడ. సంఘంలో పై మెట్టుకు చేరిన సభ్యులు బుక్ టీ అనే టారో పాఠాన్ని అచ్చులో కాక చేతిరాత ప్రతిగా నకలు చేసుకునేవారు. సంఘం నమూనాను చూసి తమ పేకను తామే గీసుకునేవారు. నకలు రాయడం దినచర్య రాయడంతో సమానం కాదు. కానీ పేకను చేత్తో రాసి, గీసి నేర్చుకోవాలన్న భావన అక్కడ బలపడింది.

ఆ సంఘంలో 1898లో చేరి తర్వాత విడిపోయిన అలీస్టర్ క్రౌలీ మరో అడుగు వేశాడు. తన శిష్యులు ప్రతి సాధననూ నమోదు చేయాలనీ, అందులో సమయం, స్థలం, వాతావరణం, శరీర స్థితి, మానసిక స్థితి ఉండాలనీ నియమం పెట్టాడు. ప్రయోగశాల పుస్తకాన్ని పోలిన ఈ పద్ధతి ఛాయలు నేటి టారో దినచర్యల గడుల్లోనూ కనిపిస్తాయి. క్రౌలీ రూపకల్పన చేయగా ఫ్రీడా హారిస్ 1938 నుంచి 1943 వరకు చిత్రించిన థాత్ పేక మాత్రం అచ్చులో పేకగా వచ్చింది 1969లో.

అభ్యాసకుల చేతికి కలం ఇచ్చిన అసలు మార్పు 1909 డిసెంబరులో జరిగింది. అప్పుడు లండన్‌లోని రైడర్ సంస్థ ప్రచురించిన పేకకు రూపకల్పన ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్‌ది. బొమ్మలన్నీ పమేలా కోల్‌మన్ స్మిత్ గీసినవి. ఇద్దరూ గోల్డెన్ డాన్ సభ్యులే. అంతకుముందు వాడుకలో ఉన్న మార్సెయ్ శైలి పేకల్లో కప్పులు ఐదు అంటే ఐదు కప్పుల బొమ్మ, అంతే. స్మిత్ ఆ చిన్న ముక్కలన్నిటికీ మనుషులతో, నేలతో, ఆకాశంతో దృశ్యాలు గీసింది. దానికి ముందు సోలా బుస్కా అనే 15వ శతాబ్ది ఇటలీ పేకలో అలాంటి ప్రయత్నం జరిగింది గానీ అది వ్యాప్తిలోకి రాలేదు. దృశ్యం ఉన్న ముక్కను చూసి ఎవరైనా నాలుగు వాక్యాలు రాయగలరు. నేటి టారో దినచర్యల్లో చాలావాటికి ఆధారం స్మిత్ కుంచె. ఆమె 1951లో కన్నుమూసింది. పేకకు మాత్రం చాలాకాలం ప్రచురణకర్త పేరు, వెయిట్ పేరు కలిపి రైడర్-వెయిట్ అనే పిలిచారు. ఇప్పుడు వెయిట్-స్మిత్ అనడం పెరుగుతోంది. అదే న్యాయం.

చరిత్ర: అభ్యాస పుస్తకాల కాలం

1960లో ఈడెన్ గ్రే రాసిన పుస్తకం టారోను రహస్య సంఘాల భాష నుంచి మామూలు పాఠకుల భాషలోకి తెచ్చింది. 1980లో రేచెల్ పొలాక్ తన 'సెవెంటీ ఎయిట్ డిగ్రీస్ ఆఫ్ విజ్‌డమ్' మొదటి భాగంతో ముక్కలను మనోభావాల కోణంలో చదవడాన్ని ప్రచారం చేసింది. అదే సంవత్సరం తత్వవేత్త మైకేల్ డమ్మెట్ టారోను ఆటగా పరిశోధించి ఈజిప్టు కథలను పూర్వపక్షం చేశాడు. దినచర్య చరిత్రలో కీలకమైనది మేరీ కె. గ్రియర్ 1984లో తెచ్చిన 'టారో ఫర్ యువర్ సెల్ఫ్'. అది చదివి పక్కన పెట్టే పుస్తకం కాదు. అభ్యాసకుడు తనకోసం తాను ముక్కలు తీసి, రాసి నింపాల్సిన అభ్యాస గ్రంథం. ఇతరులకు చెప్పే జోస్యం స్థానంలో తనను తాను చదువుకోవడాన్ని అది ముందుకు తెచ్చింది. 2006లో కొరిన్ కెన్నర్ టారో దినచర్య గురించే ఒక ప్రత్యేక పుస్తకం రాసింది. ఆ తర్వాత గడులు గీసి, ముక్కల పేర్లు అచ్చువేసిన సిద్ధపు టారో డైరీలు బజారులోకి వచ్చాయి.

రకాలు

మన వ్యాపారస్తుల లెక్కల్లో చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలుండేవి. ఏ రోజు పద్దు ఆ రోజు వరసగా రాసేది చిట్టా. ఒక్కొక్క ఖాతాదారుకు ఒక్కొక్క పేజీ కేటాయించి చిట్టాలోని పద్దులను అందులోకి ఎక్కించేది ఆవర్జా. టారో దినచర్యల్లోనూ ప్రధాన భేదం ఇదే.

చిట్టా పద్ధతిలో రోజుకొక ముక్క తీసి ఆనాటి పేజీలో రాస్తారు. కొత్తవారికి సాధారణంగా సూచించేది ఇది. పొద్దున ముక్క తీసి తోచినది రాయడం, రాత్రి పడుకోబోయే ముందు జరిగినది రాయడం దీని వరస. రాత్రి రాత మానేస్తే పొద్దుటి రాతకు విలువ సగం పోతుంది.

ఆవర్జా పద్ధతిలో 78 ముక్కలకు 78 చోట్లు ముందే కేటాయిస్తారు. ముక్క ఎదురైన ప్రతిసారీ తేదీ వేసి ఆ పేజీలో ఒక గీత కింద కొత్త గమనిక చేరుస్తారు. ఏడాది తిరిగేసరికి ఒక్కో ముక్కకు అభ్యాసకుడి సొంత నిఘంటువు తయారవుతుంది. కాగితాలు తీసి చేర్చుకోగల రింగు ఫైలు దీనికి అనుకూలం. రెండూ కలిపి నడిపేవారు వారానికొకసారి చిట్టాలోంచి ఆవర్జాకు ఎక్కిస్తారు. ఈ ఎక్కింపే నిజమైన పునశ్చరణ.

మూడు, ఐదు, పది ముక్కల పేర్పులను రాయడానికి వేరే పుస్తకం పెట్టుకునేవారు ఉన్నారు. వెయిట్ తన 'పిక్టోరియల్ కీ టు ది టారో'లో వివరించిన పది ముక్కల కెల్టిక్ క్రాస్ పేర్పుకు ప్రతి స్థానానికీ ఒక అర్థం ఉంటుంది కాబట్టి పటం గీసుకోకుండా రాయడం కష్టం. ముక్కను చూసి సొంత బొమ్మ గీయడం, ముక్కలోని మనిషి చేత ఉత్తరం రాయించడం వంటి సృజనాత్మక రకాలూ ఉన్నాయి. ఫోన్లో రాసుకోవడం వెతకడానికి వీలు. చేతిరాత నెమ్మదిగా సాగుతుంది కాబట్టి చూడటానికి వీలు.

ఒక నమోదులో ఉండేవి

పూర్తి నమోదులో తేదీ, సమయం, వాడిన పేక పేరు, ప్రశ్న, వచ్చిన ముక్క, అది నిటారుగా వచ్చిందా తలకిందులుగా వచ్చిందా అన్నది మొదట ఉంటాయి. ప్రశ్నను ముక్క తీయకముందే రాయాలి. ముక్క చూశాక ప్రశ్న రాస్తే, తెలియకుండానే ప్రశ్న ముక్కకు తగ్గట్టు వంగుతుంది.

తర్వాతి గడి వర్ణనది. ఇక్కడ అర్థం రాయకూడదు. కంటికి కనిపించేది మాత్రమే రాయాలి. ఎందరు మనుషులు, ఎటు చూస్తున్నారు, కాళ్లకు చెప్పులున్నాయా, ఆకాశం ఏ రంగు. ఆ తర్వాత, పెట్టెలో వచ్చిన చిన్న పుస్తకం తెరవకుండా, సొంతంగా తోచిన అర్థం. చివర్న పుస్తకం చెప్పిన అర్థం. ఈ వరసకు కారణముంది. చదివినదాన్ని మళ్లీ మళ్లీ చదవడం కన్నా పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోవడం వల్ల ఎక్కువకాలం నిలుస్తుందని రోడిగర్, కార్పికే 2006లో ప్రచురించిన ప్రయోగాలు చూపాయి. ముందే పుస్తకం తెరిస్తే ఆ అవకాశం పోతుంది.

చివరి గడి ఫలితానిది. దాన్ని ఖాళీగా వదిలి, తిరిగి చూడాల్సిన తేదీ వేస్తారు.

ఊహించిన ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక అభ్యాసకురాలు సోమవారం పొద్దున 'ఈ వారం నేను దేన్ని పట్టించుకోవాలి' అని రాసి ముక్క తీసింది. వచ్చింది వెయిట్-స్మిత్ పేకలోని నాణేలు ఐదు. ఆమె వర్ణన: మంచు కురుస్తోంది. ఇద్దరు నడుస్తున్నారు. ఒకామె శాలువా కప్పుకుంది, కాళ్లకు చెప్పుల్లేవు. మరొకతను చంక కర్రలతో ఉన్నాడు, మెడలో గంట. వెనక వెలుగుతున్న రంగుటద్దాల కిటికీ. తోచిన అర్థం: డబ్బుకు కటకట. వారం గడిచింది. జీతం సమయానికి పడింది, డబ్బు ఇబ్బంది ఏదీ రాలేదు. కానీ గురువారం తమ్ముడి కాలు బెణికి ఆస్పత్రికి వెళ్లాల్సొచ్చింది.

ఇక్కడే దినచర్య పని మొదలవుతుంది. చంక కర్రల బొమ్మ గుర్తొచ్చి 'ముక్క నిజమే చెప్పింది' అనిపించడం సహజం. పుస్తకం తెరిస్తే సోమవారం రాసినది డబ్బు గురించి. కాలు గురించి ఒక్క మాట లేదు. నిజాయితీగా రాసే అభ్యాసకురాలు ఫలితం గడిలో 'ముందు చెప్పినది జరగలేదు. చంక కర్రలు తర్వాత కలుపుకున్నవి' అని రాస్తుంది. తప్పిన మాటను కొట్టేయదు, పేజీ చించదు. అలా రాసిన పేజీలు పదుల సంఖ్యలో పోగైతే, అర్థం ముక్కలో ఎంత ఉంది, చూసేవారి మనసులో ఎంత ఉంది అన్నది ఆమెకే తెలుస్తుంది.

మార్సెయ్ పేక వాడేవారి నమోదు వేరుగా ఉంటుంది. చిన్న ముక్కల్లో దృశ్యం లేదు కాబట్టి వర్ణన గడి కుదించుకుపోతుంది. సంఖ్య, రంగు, పక్క ముక్కతో పొందిక ముందుకొస్తాయి.

తలకిందుల ముక్కలు

తలకిందులుగా వచ్చిన ముక్కకు వ్యతిరేకార్థమని కొందరు, బలహీనపడిన అర్థమని కొందరు చెబుతారు. అసలు పట్టించుకోనివారూ ఉన్నారు. ఏ పద్ధతి పాటిస్తున్నదీ దినచర్య మొదటి పేజీలో రాసి పెట్టుకోవాలి. ముక్క నచ్చినప్పుడు ఒక పద్ధతి, నచ్చనప్పుడు మరో పద్ధతి వాడితే నమోదుకు అర్థం ఉండదు.

ముక్కల లెక్క

'ఈ వారంలో ఇదే ముక్క రెండుసార్లు వచ్చింది' అన్న ఆశ్చర్యం దాదాపు ప్రతి అభ్యాసకుడికీ ఎదురయ్యేదే. దాని బరువు తెలియాలంటే కొద్దిపాటి లెక్క కావాలి. రోజూ 78 ముక్కలనూ బాగా కలిపి ఒకటి తీసి, తిరిగి పేకలో పెట్టేస్తారనుకుందాం. ఫలానా ముక్క ఫలానా రోజు వచ్చే అవకాశం 78లో ఒకటి. కానీ ఏదో ఒక ముక్క పునరావృతమయ్యే అవకాశం వేరు. పది రోజుల్లో అది సుమారు 45 శాతం. పదకొండో రోజుకే సగం దాటి 52 శాతమవుతుంది. రెండు వారాల్లో ఒక ముక్క మళ్లీ కనబడితే అది సందేశం కానక్కర్లేదు, లెక్క ప్రకారం జరగాల్సినదే.

దీనికి మరో వైపు కూడా ఉంది. ఇదే పద్ధతిలో వంద రోజులు తీసినా సగటున 21 ముక్కలు ఒక్కసారైనా కనబడవు. 78 ముక్కలూ కనీసం ఒకసారి రావడానికి సగటున 385 రోజులు పడుతుంది. ఏడాది సాధన చేసినా నాకింకా ఫలానా ముక్క పరిచయం కాలేదు అనేవారికి ఇదీ సమాధానం. అన్ని ముక్కలూ త్వరగా నేర్చుకోవాలనుకునేవారు తీసిన ముక్కను పక్కన పెడుతూ పోతే సరిగ్గా 78 రోజుల్లో చుట్టు పూర్తవుతుంది. నేర్చుకోవడానికి ఇది మేలైన పద్ధతి.

ముప్ఫై రోజుల్లో మేజర్ ఆర్కానా ముక్కలు సగటున ఎనిమిదో తొమ్మిదో రావాలి. మూడు ముక్కల పేర్పులో కనీసం ఒక మేజర్ ముక్క ఉండే అవకాశం దాదాపు 64 శాతం. పది ముక్కల పేర్పులో భయపెట్టే డెత్ ముక్క కనబడే అవకాశం సుమారు 13 శాతం, అంటే ఎనిమిది పేర్పులకు ఒకసారి. మూడు ముక్కలు వరసగా పడగల తీర్లు 4,56,456. ఈ అంకెలను దినచర్య చివరి పేజీలో రాసి పెట్టుకున్నవారు యాదృచ్ఛికాన్ని అద్భుతంగా పొరబడే ప్రమాదం తక్కువ.

మనోవిజ్ఞాన దృష్టి

టారో ముక్కలు భవిష్యత్తును చెప్పగలవనడానికి శాస్త్రీయ ఆధారం లేదు. అయినా రీడింగులు నిజమనిపించడానికి మనోవిజ్ఞానంలో వివరణలున్నాయి. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వవేత్త 39 మంది విద్యార్థులకు వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, ఎవరి విశ్లేషణ వారికి ఇస్తున్నట్టుగా కాగితాలు పంచాడు. అందరికీ ఇచ్చినది ఒకే పాఠం, అదీ జ్యోతిష పుస్తకం నుంచి సేకరించిన వాక్యాలు. తమకు ఎంత సరిపోయిందో ఐదుకు మార్కులు వేయమంటే సగటు 4.26 వచ్చింది. ఎవరికైనా వర్తించే మాటను తనకే చెప్పినట్టు తీసుకోవడాన్ని ఫోరర్ ప్రభావం అంటారు.

దినచర్యకు ఇంకా దగ్గరి సంగతి బారూక్ ఫిష్‌హాఫ్, రూత్ బేత్ 1975లో ప్రచురించిన పరిశోధన. 1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనా, సోవియట్ పర్యటనలకు ముందు ఇజ్రాయెల్ విద్యార్థుల చేత ఏమేం జరగవచ్చో అంచనాలు రాయించారు. పర్యటనలు ముగిశాక, అప్పట్లో మీరేమని అంచనా వేశారో గుర్తు చేసుకోమన్నారు. జరిగిన సంగతులకు తాము మొదట రాసినదానికంటే ఎక్కువ అవకాశం ఇచ్చినట్టు చాలామంది గుర్తు చేసుకున్నారు. అబద్ధమాడారని కాదు, ఫలితం తెలిశాక జ్ఞాపకమే మారిపోయింది. ఆ తేడా బయటపడింది ముందు రాసిన కాగితాలు ఉన్నందువల్లే. టారో దినచర్యలోని ఖాళీ ఫలితం గడి చేసే పని కూడా ఇదే.

రాయడం వల్ల కలిగే మేలు వేరే అంశం. జేమ్స్ పెన్నబేకర్, శాండ్రా బీల్ 1986లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులు వరసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు తమ మనసును కలచిన సంఘటనల గురించి రాశారు. సంఘటననూ దానివల్ల కలిగిన భావాలనూ కలిపి రాసినవారు తర్వాతి నెలల్లో వైద్యుల దగ్గరికి తక్కువసార్లు వెళ్లారు. అనంతర అధ్యయనాలన్నిటినీ కలిపి చూస్తే ఈ మేలు ఉన్నా చిన్నదేనని తేలింది. దినచర్య రాసేవారికి ఊరట కలిగితే అది ముక్క వల్ల కాక రాత వల్ల కావచ్చు. ముక్క చేసేది రాతకు ఒక మొదటి వాక్యం అందించడం. ఖాళీ పేజీ ముందు కూర్చుని ఏం రాయాలో తోచనివారికి అది చిన్న సాయం కాదు.

పరిమితులు, జాగ్రత్తలు

నచ్చని ముక్క వచ్చిందని మళ్లీ తీయడం దినచర్యను చెడగొట్టే ప్రధాన దోషం. తీసినవన్నీ రాయాలి, ఎన్నిసార్లు తీసిందీ రాయాలి. ఒకే ప్రశ్నకు ఒకే రోజు పదేపదే ముక్కలు తీస్తున్నట్టు పేజీలు చూపిస్తుంటే, పేకను కొన్నాళ్లు పక్కన పెట్టడం మంచిది. ఆరోగ్యం, అప్పులు, కోర్టు వ్యవహారాలు, పెళ్లి వంటి విషయాల్లో ముక్క ఆధారంగా నిర్ణయం తీసుకోకూడదు. వైద్యుడో న్యాయవాదో చెప్పాల్సినది పేక చెప్పదు. దిగులు రోజుల తరబడి పేజీల్లో కనబడుతుంటే మానసిక వైద్యుల సాయం తీసుకోవాలి.

ఇతరుల కోసం తీసిన ముక్కలు రాసేటప్పుడు వారి పేరు బదులు ఒక గుర్తు వాడటం, వారి అనుమతి అడగడం మర్యాద. స్నేహితురాలు తన సంసారం గురించి అడిగిన ప్రశ్న మన పుస్తకంలో ఉంటే ఆ పుస్తకం మన ఒక్కరిదే కాదు.

తెలుగు నాట

తెలుగువారికి ముక్క తీసి ఫలితం చెప్పడం కొత్త కాదు. చిలక జోస్యంలో పంజరం నుంచి బయటికొచ్చిన చిలక దేవతల బొమ్మలున్న ముక్కల వరసలోంచి ఒకటి ముక్కుతో లాగుతుంది; జోస్యుడు దాన్ని చూసి ఫలితం చెబుతాడు. ఎరుకలసాని చెప్పే సోదిలో ముక్కలు లేవు, మాటే ఉంది. ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో రాశివారీగా ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు అంకెల్లో వింటాం. ఈ మూడింటిలోనూ విన్నదాన్ని రాసి పెట్టుకుని ఏడాది చివర సరిచూసుకోవడం ప్రక్రియలో భాగం కాదు. టారో దినచర్య వీటితో విభేదించేది అక్కడే. ఆ అలవాటును కోరుకున్నవారు పంచాంగ ఫలాలకూ వర్తింపజేసుకోవచ్చు.

టారో మన ప్రాంతానికి ఆధునిక కాలంలో ఆంగ్ల పుస్తకాల ద్వారా, టెలివిజన్ ద్వారా, అంతర్జాలం ద్వారా వచ్చింది. పేకలతో వచ్చే చిన్న పుస్తకాలు సాధారణంగా ఆంగ్లంలో ఉంటాయి. అందువల్ల తెలుగు అభ్యాసకుడి దినచర్యలో ముక్కల పేర్లు ఆంగ్లంలోనూ వర్ణన తెలుగులోనూ సాగడం సహజం. వర్ణనను తెలుగులో రాయడంలో ఒక లాభం ఉంది. హెర్మిట్ ముక్కకు పుస్తకంలోని ఆంగ్ల మాటలు నకలు చేసే బదులు 'లాంతరు పట్టుకుని కొండ మీద ఒంటరిగా నిలబడ్డ ముసలాయన' అని రాసినప్పుడు అభ్యాసకుడు ముక్కను చూసి తీరాలి.

భద్రపరచడం

పెన్సిల్ కంటే సిరా మేలు, చెరపడానికి వీలుండదు. పేజీలకు అంకెలు వేసుకుంటే చించినది తెలుస్తుంది. ముక్కల పేర్లకు సంక్షేపాలు వాడితే వాటి పట్టిక మొదటి పేజీలో ఉండాలి, లేకపోతే ఏడాది తర్వాత రాసినవారికే అర్థం కాదు. మూడు నెలలకొకసారి పాత పేజీలు తిరగేసి ఖాళీగా ఉన్న ఫలితం గడులు నింపడం అవసరం. రోజుకొక పేజీ చొప్పున రాస్తే 200 పేజీల నోటుబుక్కు ఆరున్నర నెలలకు నిండుతుంది. రోజూ మొత్తం పేక కలిపి తీసేవారికి 78 ముక్కలూ కనబడేసరికి సగటున రెండో నోటుబుక్కు చివరి పేజీల్లో ఉంటారు.